ఎలిశిబా టీచర్‌కు లీజర్ పీరియడ్

మా మేడ మీది వాటాలో కిరాయికి ఉండే ఎలిశిబా పొద్దున తొమ్మిది కాగానే స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టేది. మా గల్లీలో చాలామంది ఆ చప్పుడుతోనే టైము సరిచూసుకునేవారు. కింద నా దుకాణం. కాలిన మోటార్లకు, ఫ్యాన్లకు వైండింగ్ కడతాను. గంట మోగాక పైన చిన్న ప్రార్థన, తర్వాత హాజరు.

"ప్రిస్కిల్లా."

"ప్రెజెంట్ మేడమ్."

"అనూప్."

అనూప్ ఆ మాట అనడానికి కొంత సమయం పట్టేది. 'ప్రె' దగ్గర ఆగి, మళ్లీ ఎత్తుకుని, మళ్లీ ఆగి, చివరికి అనేవాడు. అప్పటిదాకా ఎలిశిబా పెన్ను పట్టుకుని ఎదురుచూసేది. ఇంట్లో ఉన్నదే ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆమె కళ్ల ముందే ఉన్నారు. అయినా హాజరు పట్టీ ఒక్కరోజు కూడా మానలేదు.

ఆమె పదకొండేళ్లు ప్రైవేటు బడిలో పనిచేసింది. అనూప్‌కు మాట తట్టుకుంటుందని మూడో తరగతిలో పిల్లలు వాణ్ణి వెక్కిరించడం మొదలుపెట్టారు. వాడు పలికినట్టే పలికి నవ్వేవారు. కొన్నాళ్లకు వాడు బడిలో నోరు తెరవడమే మానేశాడు. పాఠం చదివించేటప్పుడు వాడి వంతు వస్తే టీచరు దాటేసి పక్కవాణ్ణి లేపేదట. ఆ సంగతి తెలిసిన వారంలోనే ఎలిశిబా ఉద్యోగం మానేసి పిల్లల్ని ఇంటికి తెచ్చుకుంది. ప్రిస్కిల్లాకు బడిలో ఏ ఇబ్బందీ లేదు. "పిల్లనెందుకు మాన్పించినవు టీచర్?" అని నా భార్య భాగ్య అడిగితే, "వాన్నొక్కన్నే ఇంట్ల కూసోవెడితే తప్పు జేసిన్నేమో అనుకుంటడు అక్కా" అంది.

ఆమె భర్త గిడియోన్ బస్సు డ్రైవరు. పొద్దున నాలుగున్నరకు సికింద్రాబాద్ బండి తీసుకుని వెళ్తాడు, మధ్యాహ్నం రెండింటికి దిగుతాడు. నెమ్మదస్థుడు. హారన్ కూడా అవసరమైతేనే కొడతాడని డిపోలో చెప్పుకుంటారు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. అనూప్ ఇంట్లో మాట్లాడాడు, తర్వాత మెట్లు దిగి మాతో మాట్లాడాడు, ఆ తర్వాత పాలవాడితో కూడా మాట్లాడాడు. మాట తట్టుకోవడం పోలేదు, భయం పోయింది. రెండో ఏడాదికి అనూప్ నాలుగో తరగతి, ప్రిస్కిల్లా ఏడో తరగతి పాఠాలకు వచ్చారు. ఎలిశిబా రెండు చార్టులు కొని, స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఒక్కో తరగతికి ఒక్కో టైంటేబుల్ రాసి గోడకు అంటించింది. రోజుకు ఏడు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు. ఆమె రాత అచ్చు వేసినట్టు ఉంటుంది. ఆ చార్టులు చూడడానికి నేను ఒకసారి పనిగట్టుకుని పైకి వెళ్లాను.

మోటారు కాలే ముందు దాని చప్పుడు మారుతుంది. చెవి పెట్టేవాడికి రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. సంక్రాంతి దాటాక పైన ఎలిశిబా గొంతు అలాగే మారింది. మొదట బొంగురుపోయింది, తర్వాత పదునెక్కింది. మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు పళ్లెం మీద దెబ్బ గట్టిగా పడేది. నేను విన్నాను. వినీ ఊరుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం అనుకున్నంత పనీ అయింది. నాలుగో పీరియడ్. బల్లకు ఒకవైపు ప్రిస్కిల్లా భిన్నాల లెక్కలో చిక్కుకుని ఉంది. మరోవైపు అనూప్ తెలుగు వాచకం పైకి చదువుతున్నాడు. వంటింట్లో పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. ఎలిశిబాకు ముందు రోజు నుంచి తలనొప్పి. అనూప్ 'ప్రయాణికులు' అన్న మాట దగ్గర ఆగాడు.

"ప్ర... ప్ర... ప్ర..."

"ప్ర, ప్ర, ప్ర ఏందిరా? చదువు" అంది తల్లి.

అన్న తర్వాత తాను ఏమన్నదో ఆమెకు వినిపించింది. వెక్కిరించాలని కాదు. తొందరపెట్టబోయి వాడి మాటే వాడికి తిప్పి అనేసింది. బడిలో పిల్లలు అన్నది కూడా అదే. అనూప్ పుస్తకం మూసి, వేలు పేజీలోనే ఉంచి, తలవంచుకుని కూర్చున్నాడు. ప్రిస్కిల్లా లేచి వెళ్లి పొయ్యి కట్టేసింది.

మరునాడు హాజరు పిలిస్తే అనూప్ చెయ్యి ఎత్తాడు, మాట అనలేదు. అక్కతో, తండ్రితో, మాతో మాట్లాడుతున్నాడు. తల్లితో మాత్రం ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపిస్తున్నాడు. కోపంగా కాదు, మర్యాదగానే. 'మంచినీళ్లు కావాలి మమ్మీ' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ఆమె వాడి ముందు కూర్చుని తప్పు ఒప్పుకుంది. వాడు తల ఊపి, పలక తుడిచి, 'ఏం కాదు' అని రాశాడట. ఆ మాట చెబుతూ ఆమె భాగ్య భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చింది.

పది రోజులు చూసి గిడియోన్ ఒక బడి నుంచి రెండు అడ్మిషన్ ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇంట్ల గూడ గదే అయితే ఇంక ఇల్లెందుకు శిబా? నువ్వు చూస్తే సగమైనవు. జూన్ల ఇద్దర్నీ చేర్పిద్దాం."

"నాతోని మాట్లాడకుంటనే మళ్ల బడికి తోలమంటరా?" అంది ఎలిశిబా. "జూన్ దాంక ఆగుండ్రి అనూప్ డాడీ. అప్పటికి వాడు నాతో మాట్లాడకపోతే నేనే తీస్కపోయి చేర్పిస్త."

ఆ గడువు నాకూ భాగ్యకూ తెలుసు. వాడి మాట తిరిగి తెచ్చుకోవడానికి ఆమె చేసిన పని ఏమిటంటే, ఇంకా ఎక్కువ కష్టపడడం. సాయంత్రం మరో పీరియడ్ కలిపింది. యూట్యూబ్ చూసి ఊపిరి కసరత్తులు నేర్పింది. వాడి నోటి వైపే చూస్తూ కూర్చునేది. వాడు ఇంకా ముడుచుకుపోయాడు.

ఏలీయా సార్ మా దుకాణానికి వచ్చింది మార్చి మొదటి వారంలో. కాలిపోయిన టేబుల్ ఫ్యాను సంచిలో పెట్టుకుని వచ్చాడు. మా ఊరి పెద్ద చర్చి పక్క వీధిలో ఉంటాడు, రిటైరై ఆరేళ్లు. ఎలిశిబా పనిచేసిన బడిలోనే లెక్కలు చెప్పేవాడు. నేను ఫ్యాను విప్పుతుండగా పై నుంచి గొంతు వినిపించింది.

"గది మా ఎలిశిబా టీచర్ గొంతే గదా?" అన్నాడు. "గిట్లెందుకయింది?"

నేను చెప్పడానికి తడుముకుంటుంటే లోపలి నుంచి భాగ్య వచ్చి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన సలహా ఇస్తాడేమోనని చూశాను. ఇవ్వలేదు. "టైంటేబుల్ ఉన్నదా?" అని అడిగాడు.

"మస్తుగున్నది సార్, గోడకు" అన్నాను.

"సూద్దాం పా."

నేనూ వెనకే వెళ్లాను. ఎలిశిబా గుమ్మంలో ఆయన్ని చూసి, "వందనాలు సార్" అంటూ కొంగు సర్దుకుంది. ఆయన కూర్చోకుండా చార్టుల ముందు నిలబడ్డాడు. కళ్లద్దాలు పైకి జరిపి, నాలుగో తరగతి చార్టు మీద ఒక వేలు, ఏడో తరగతి చార్టు మీద మరో వేలు పెట్టి, రెండింటినీ ఒకేసారి కుడివైపు జరుపుతూ పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ బడి మొత్తానికి టైంటేబుల్ వేసిన మనిషి. పద్దెనిమిది సెక్షన్లు, ఇరవై ఆరుగురు టీచర్లు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆయన వేసిన కాగితమే ముందు అడిగేవారట.

"క్లాసు వారీ రెండున్నయి. టీచర్ వారీ ఏది?"

"టీచర్ వారీ ఎందుకు సార్? టీచర్ను నేనొక్కదాన్నే గదా."

"గందుకే కావాలె" అన్నాడు. "నా సర్వీసుల ఒక్క క్లాష్ రానియ్యలె నేను. ఒక టీచర్ ఒక్క టైంల రెండు క్లాసులల్ల ఉండుడంటే నాకు అన్నం సయించకపోయేది. నీ దాంట్ల ఎన్నున్నయో ఎర్కనా?"

ఎలిశిబా చార్టుల వైపు చూసింది.

"నలభై రెండు బిడ్డా. నలభై రెండు పీరియడ్లకు నలభై రెండూ క్లాషే."

పదకొండేళ్లు బడిలో పనిచేసిన టీచరు అలాంటి తప్పు చేసింది. తరగతి కాగితం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఖాళీ ఉంటే అల్లరి. ఖాళీలు కనిపించేది టీచరు కాగితం మీదే. వాటినే స్టాఫ్‌రూమ్‌లో లీజర్ అంటారు. బడిలో ఆమెకు ఆ రెండో కాగితం ఏలీయా సార్ వేసి ఇచ్చేవాడు. ఇంట్లో ఆమె తరగతి కాగితాలు మాత్రమే వేసుకుంది. రెండూ విడివిడిగా చూస్తే ఎక్కడా తప్పు కనిపించదు.

"తల్లికి లీజర్ ఏంది సార్?" అంది ఆమె. నవ్వబోయింది గానీ రాలేదు.

"తల్లికి లేదు. టీచర్‌కున్నది. తొమ్మిదింటికి గంట గొట్టి మేడమ్ అనిపించుకుంటున్నవా లేదా? మరి టీచర్ లెక్కనే నడువు."

మరునాడు ఆయన ఒక ప్లైవుడ్ పలక, పాత పెళ్లికార్డులు కోసి చేసిన చీటీలు తెచ్చాడు. ఆయన పని పద్ధతి అది. ఒక్కో టీచరుకు ఒక్కో రంగు చీటీ. పలక మీద పేర్చి, జరిపి, సరిపోయాకే పెన్ను పడుతుంది. నేల మీద కూర్చుని ముందు ఉన్నది ఉన్నట్టే పేర్చాడు. రెండు తరగతులకు కలిపి ఎనభై నాలుగు చీటీలు. అన్నీ గులాబీ రంగు. పలక మొత్తం ఒకటే రంగుతో నిండిపోయింది.

"రెండో రంగు ఏది?" అని అడిగాడు.

గిడియోన్ అప్పుడే డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నువ్వు రెండింటికి దిగుతవు గదా గిడియోన్? మూడింటి పీరియడ్ నీది. అనూప్‌కు తెలుగు చదివిపియ్యి."

"నేను డ్రైవర్‌ను సార్. నా తొమ్మిదో తరగతి మార్కులు మీకెర్కనే గదా. మీరే ఏసిండ్రు."

"లెక్కలల్ల ఏసిన. తెలుగు నాకెర్క లేదు" అంటూ ఏలీయా సార్ పసుపు చీటీలు ఐదు తీశాడు.

ఆ పలక దగ్గర మూడు సాయంత్రాలు గడిచాయి. ముందు శనివారం ఎగిరిపోయింది. తర్వాత రోజుకు రెండు పీరియడ్లు తగ్గాయి. "నలభై మంది ఉన్న క్లాసుకు ఏడు పీరియడ్లు. ఇద్దరికి గన్నెందుకు? హాజరుకే పది నిమిషాలు పోతదా నీకు?" అన్నాడు. వారానికి ఇరవై ఐదు మిగిలాయి. వాటిలో ఒక్కొక్కరికి పది 'సొంత పని' అని తెల్ల చీటీలు పెట్టాడు. అప్పుడు టీచరు ఉండదు, పిల్లలే చదువుకోవాలి, సందేహం వస్తే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ప్రిస్కిల్లా లెక్కలకు మూడు రోజులు ఆయన ఇంటికే వెళ్లాలి. భాగ్య బట్టలు కుడుతుంది కాబట్టి కొలతల పీరియడ్ రెండుసార్లు ఇద్దరికీ కలిపి ఆమెకు ఇచ్చాడు. భాగ్య "నాకు సదువే రాదు సార్" అంటే, "టేపు మీద అంకెలు సూడకుంటనే జాకెట్ కుడుతున్నవా?" అన్నాడు.

చివరికి ఎలిశిబా చీటీలు పద్దెనిమిది. క్లాష్ లేదు. ఏడు ఖాళీలు.

ఆ ఏడు ఖాళీలు పూడ్చకుండా ఉంచడమే కష్టమైంది. మొదటి లీజర్‌లో ఆమె గిన్నెలు తోమింది. రెండోదానిలో బట్టలు ఆరేసింది. మూడోదానిలో అనూప్ సొంత పని చేస్తుంటే తలుపు సందులోంచి చూసింది. శుక్రవారం ఏలీయా సార్ వచ్చినప్పుడు ప్రిస్కిల్లా తల్లి మీద అన్నీ చెప్పేసింది.

"స్టాఫ్‌రూమ్ లేక గిట్లయితుంది" అన్నాడాయన. "టీచర్ క్లాసుల ఉండొద్దు, వంటింట్ల ఉండొద్దు. కింద భాగ్యమ్మ వాళ్ల అర్ర ముందట మంచమున్నది గదా, గదే స్టాఫ్‌రూమ్."

సోమవారం మూడో పీరియడ్‌కు ఆమె కిందికి వచ్చి మా గది ముందు మంచం మీద కొత్త చుట్టంలా ఒక చివర కూర్చుంది. భాగ్య టీ పెట్టింది. టీ వచ్చేసరికి ఎలిశిబా గోడకు చేరగిలబడి నిద్రపోయి ఉంది. భాగ్య టీ తాను తాగేసి, కుట్టుమిషను తొక్కడం ఆపి, జాకెట్‌కు చేత్తో హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. నేనూ సుత్తి పక్కన పెట్టాను. నలభై నిమిషాలు కాగానే మేడ మీద ప్రిస్కిల్లా గంట కొడితే ఎలిశిబా ఉలిక్కిపడి లేచి, "నేను పన్నా?" అని అడిగింది.

"లేదు టీచర్, కండ్లు మూసుకొని ఆలోచన జేస్తున్నవు" అంది భాగ్య.

అలా పది, పదిహేను రోజులు. ఆమె గొంతులో పదును తగ్గింది. ఒక లీజర్‌లో వారపత్రిక చదివింది, ఒకదానిలో ఊరికే జడ వేసుకుంది. చర్చి చూడడానికి వచ్చిన వాళ్లు దారి తప్పి మా గల్లీలోకి వస్తే, దారి చూపిస్తూ చర్చి పెద్ద గేటు దాకా నడిచి వెళ్లి వచ్చింది ఒకసారి. అనూప్ మాత్రం ఇంకా రాసే పలక వదల్లేదు. మార్చి పోయింది, ఏప్రిల్ సగమైంది. ఫారాలు బల్ల సొరుగులోనే ఉన్నాయి.

మూడింటికి గిడియోన్ పీరియడ్. తండ్రీ కొడుకులు చెరో పేరా చదివేవారు. గిడియోన్‌కు చదివించడం రాదు కాబట్టి, అనూప్ ఎక్కడైనా ఆగితే ఏం చేయాలో తెలిసేది కాదు. తెలిసిన పని ఒక్కటే, ఆగడం. మా ఊరికి కొత్తగా రైలు వచ్చాక ఆయన రూట్లో రైల్వే గేట్లు పడుతున్నాయి. బండి ఆపి, ఇంజను కట్టేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చుంటాడు. ఇక్కడా అదే చేశాడు.

"గేటు వడ్డదా బిడ్డా? వడనీ. రైలు పోయినంక పోదాం."

అంతే. వాడి నోటి వైపు చూడడు, మాట అందించడు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. కొన్నాళ్లకు అనూప్ మాట తట్టుకున్నప్పుడు తానే చెయ్యి అడ్డంగా చాచి చూపడం మొదలుపెట్టాడు, గేటు పడ్డదని. మాట వచ్చాక ఆ చెయ్యి పైకి లేచేది. తండ్రికి తట్టుకుంటే కూడా అదే సైగ. గిడియోన్ ఒత్తుల దగ్గర తరచూ ఆగేవాడు. లీజర్ లేని రోజుల్లో ప్రిస్కిల్లాతో బల్లకు అవతల కూర్చుని ఎలిశిబా ఇదంతా చూసేది.

ఏప్రిల్ చివర ఒక గురువారం ఎలిశిబాకు ఆఖరి పీరియడ్ లీజర్. మంచం మీద కాళ్లు చాపుకుని, భాగ్య ఇచ్చిన పచ్చి మామిడి ముక్కలు ఉప్పు కారంతో తింటోంది. పైన చదువు ఆగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. అనూప్ దిగి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. చేతిలో వాచకం ఉంది, పలక లేదు.

"మ..." అన్నాడు. చెయ్యి అడ్డంగా చాచాడు.

ఎలిశిబా చేతిలో మామిడి ముక్క అలాగే ఉండిపోయింది. వాడి మొహం మీద నుంచి చూపు తిప్పి, ఎదురింటి గోడ వైపు చూసింది. భాగ్య కుట్టు ఆపింది. గల్లీలో ఒక ఆటో వెళ్లిపోయింది.

"మమ్మీ, డాడీ 'దుఃఖం' తప్పు ప... పలుకుతుండు. నేను జెప్తె ఇంటలేడు. నువ్వు జర చెప్పు."

ఆమె నోటిలోది మింగింది.

"గది మీ డాడీ పీరియడ్ నాన్నా" అంది. "నాది లీజర్."

వాడు దానికి ఒప్పుకోలేదు. "లీజర్ల ఉంటె త... తప్పు చదివినా ఊకుంటరా?" అని వాదనకు దిగాడు. తల్లీ కొడుకులు అక్కడే మంచం మీద పావుగంట వాదించుకున్నారు. మెట్ల పైనుంచి గిడియోన్ తొంగి చూసి, నిశ్శబ్దంగా లోపలికి వెళ్లిపోయాడు.

మే ఆఖరున సొరుగులోంచి ఒక ఫారం బయటికి వచ్చింది, అది ప్రిస్కిల్లాది. "నాకు దోస్తులు గావాలె మమ్మీ, నీమీద కోపంతోని గాదు" అంది ఆ పిల్ల. ఎలిశిబా రెండు రోజులు ముఖం చిన్నబుచ్చుకుంది. మూడో రోజు తానే తీసుకుపోయి ఎనిమిదిలో చేర్పించి వచ్చింది. అనూప్‌ను గిడియోన్ అడిగాడు. వాడు ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంటానని, ఐదు అయిపోయాక ఆలోచిస్తానని పెద్దమనిషిలా చెప్పాడు.

ఈ జూన్‌లో టైంటేబుల్ ఎలిశిబానే వేసుకుంది. ఏలీయా సార్ చీటీలు అడిగి తెచ్చుకుని, ముందు టీచర్ వారీ కాగితం, తర్వాతే తరగతిది. మా అర్ర ముందు మంచం మీద పరిచి వేస్తుంటే నేనూ చూశాను. అనూప్ పక్కన కూర్చుని చీటీలన్నీ లెక్కపెట్టాడు, రంగు రంగుగా, ఎవరివి ఎన్నో. తర్వాత అడిగాడు.

"అందరికీ లీ... లీజర్ ఉన్నది. మ... మరి నాకేది?"

ఆమె పెన్సిల్ కాగితం మీద అలాగే ఆపి, మాట పూర్తయ్యేదాకా ఉండి, శుక్రవారం ఆఖరి గడిలోంచి సోషల్ చీటీ తీసి వాడి చేతిలో పెట్టింది.